అమెరికా రికార్డు ప్లేయరు, మన కరెంటు

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీ నుంచి తిరిగి వచ్చేస్తూ తన పాత స్టీరియో రిసీవరు, రికార్డు ప్లేయరు వెంట తెచ్చాడు. రెండింటి వెనకా 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంది. రిసీవరు మీద 160 వాట్లు అని కూడా ఉంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కొంటే సరిపోతుందా, లోపలే మార్పించాలా? మా నాన్నగారు దాచిన ఘంటసాల రికార్డులు వినాలని ఆశ.
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు ఒక మాట. ప్లగ్గుకు అడాప్టరు తగిలించి గోడ సాకెట్లో పెట్టేయకండి. దాంతో పిన్నులు మారతాయి గానీ వోల్టేజి మారదు. అలా పెట్టి పాడైన సెట్లు నా బల్ల మీదికి ఎన్నో వచ్చాయి. మూత తీయగానే కాలిన వార్నిష్ వాసన కొడుతుంది.

రిసీవరు వెనక వోల్టేజి సెలెక్టరు ఉందేమో చూడండి. ఉంటే పని సులువు. దాన్ని 220 లేదా 240కి తిప్పి, ఫ్యూజు ఇప్పుడున్న దానిలో సగం ఆంపియర్లది వేయించాలి. సెలెక్టరు లేకపోయినా సెట్టు లోపలి కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లలో రెండు ప్రైమరీ చుట్లు (గోడ కరెంటు వచ్చి చేరే తీగ చుట్లు) ఉంటాయి. వాటిని పారలల్‌గా కలిపితే 120, సీరీస్‌గా కలిపితే 240. ఈ పని సర్వీస్ మాన్యువల్ చూసి చేసే మెకానిక్‌కే ఇవ్వండి. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు 100 వాట్ల ఫిలమెంటు బల్బు సీరీస్‌లో పెట్టమనండి. బల్బు ఒకసారి వెలిగి మందగిస్తే మంచిదే. నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేయాలి.

అమెరికా కోసమే చేసిన సెట్లలో చాలావాటికి ప్రైమరీ చుట్టు ఒక్కటే. వాటికి స్టెప్‌డౌనే దారి. మీ 160 వాట్లకు కనీసం 300 వీఏది (వీఏ అంటే వోల్ట్-ఆంపియర్, ట్రాన్స్‌ఫార్మరు మోయగల బరువు) తీసుకోండి, అదీ మన 230 వోల్టులకు 110 ఇచ్చేది. 60 హెర్ట్జ్‌కు చేసిన ట్రాన్స్‌ఫార్మరు మన 50 హెర్ట్జ్ మీద ఎక్కువ వేడెక్కుతుంది, గుయ్యిమంటుంది కూడా. పది వోల్టులు తగ్గితే దానికి కాస్త ఊపిరి. పైగా రాత్రిపూట మన లైను 250కి ఎక్కినా, ఆ స్టెప్‌డౌన్ నుంచి వచ్చేది 120 లోపే.

అసలు చిక్కు రికార్డు ప్లేయరుతోనే. స్టెప్‌డౌన్ వోల్టేజిని తగ్గిస్తుంది గానీ హెర్ట్జ్‌ను మార్చదు. పాత బెల్టు ప్లేయర్లలో చాలావాటి మోటారు కరెంటు హెర్ట్జ్‌ను బట్టే తిరుగుతుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన పళ్లెం 28 కూడా తిరగదు. ఘంటసాల గారి గొంతు హార్మోనియం మీద మూడు మెట్లు కిందికి దిగిపోతుంది. నాన్నగారి రికార్డులను అలా వినకండి, మనసు చివుక్కుమంటుంది. ఆ మోటారు ఇరుసుకు 50 హెర్ట్జ్ పుల్లీ వేయించాలి. దాని చుట్టుకొలత పాతదానికంటే ఐదో వంతు ఎక్కువ ఉండాలి. దొరక్కపోతే మంచి లేతు పనివాడు ఇత్తడితో చేసిస్తాడు. మీది బెల్టు లేకుండా మోటారే నేరుగా పళ్లెం తిప్పే క్వార్ట్జ్ డైరెక్ట్ డ్రైవ్ అయినా, డీసీ మోటారుదైనా ఈ బెడద లేదు, స్టెప్‌డౌన్ చాలు.

పళ్లెం ఎత్తి, మోటారు మీద రాసి ఉన్న అక్షరాలు, అంకెలు ఉన్నవున్నట్టు రాసి పంపండి. మీది ఏ రకమో చెబుతాను.