అమ్మమ్మగారి కాసును కరిగించకండి, తోమకండి: 1918 నాటి సవరిన్ గురించి నా అనుభవం

మీ అమ్మమ్మగారి పెట్టెలో 1918 అని ముద్రించిన బంగారు నాణెం దొరికిందని, దానికి ఒకవైపు గడ్డం ఉన్న రాజు తల, రెండోవైపు గుర్రం మీద నుంచి రెక్కల సర్పాన్ని సంహరిస్తున్న యోధుడు ఉన్నారని, పైఅంచున చిన్న కొక్కెం అతికి ఉందని రాశారు. నగల దుకాణంవారు కరిగించి ఉంగరం చేయించుకొమ్మన్నారని, అది అసలుదో కాదో, ఎలా శుభ్రం చేయాలో, అమెరికాలో ఉన్న మీ అక్కగారికి ఎలా పంపాలో తెలియజేయమని అడిగారు. ఇటువంటివే రెండు నాణేలు మా నాయనమ్మగారి నుంచి నాకు సంక్రమించాయి. వాటిలో ఒకదాన్ని నా తొందరపాటు వల్ల పాడుచేసుకున్నాను కాబట్టి, మీకు ఆ నష్టం జరగకూడదనే ఉద్దేశంతో కొంచెం వివరంగా రాస్తున్నాను.

మా నాణేలలో ఒకటి 1911 నాటిది, రెండోది మీ దానిలాగే 1918 నాటిది. 1911 నాటి దాన్ని "అసలుదేనా చూడండి" అని ఒక దుకాణంలో ఇచ్చి, ఇతర పనులు చూసుకుని గంట తరువాత వెళ్ళాను. వారు దాన్ని ఆమ్లంలో ముంచి, తిరిగే చక్రం మీద మెరుగు పెట్టి, అద్దంలా మెరిసిపోతున్న నాణేన్ని ఎంతో సంతోషంగా నా చేతికిచ్చారు. ఇంటికి వచ్చి భూతద్దం కింద రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, మెరుగు పెట్టిన దానిలో రాజుగారి జుట్టు పాయలు, గుర్రం జూలు చదునైపోయి కనిపించాయి. తూస్తే అది 7.84 గ్రాములు తూగింది, ముట్టుకోని నాణెం 7.97 గ్రాములు ఉంది. ముందుగా తూచి రాసుకోలేదు గనుక ఎంత పోయిందో ఇప్పటికీ కచ్చితంగా చెప్పలేను. అందువల్ల మీరు ఈ రోజే చేయవలసిన మొదటి పని, నాణెం ఇల్లు దాటకముందే రెండు వైపులా, అంచునూ పగటి వెలుతురులో ఫోటోలు తీసి, వందో వంతు గ్రాము వరకు చూపే కాటా మీద తూచి, ఆ బరువును తేదీతో సహా కాగితం మీద రాసుకోవడం.

మీరు వర్ణించినది బ్రిటిష్ సవరిన్. ఆ రాజు ఐదో జార్జి, గుర్రం మీద ఉన్నది క్రైస్తవులు కొలిచే పుణ్యపురుషుడు సెయింట్ జార్జి. ఆ చిత్రాన్ని ఇటలీకి చెందిన శిల్పి బెనెడెట్టో పిస్ట్రుచ్చి రూపొందించగా, 1817లో మొదటిసారి సవరిన్ మీద ముద్రించారు. మన పెద్దలకు ఈ నాణెం పరాయిది కాదు. 1899 నాటి చట్టంతో పదిహేను రూపాయలకు ఒక సవరిన్ లెక్కన ఇది భారతదేశంలో చట్టబద్ధంగా చెల్లుబాటైంది. కోస్తా జిల్లాల్లో బంగారాన్ని కాసుల్లో లెక్కపెట్టే అలవాటు నేటికీ ఉన్నది కదా, ఆ ఎనిమిది గ్రాముల కాసుకూ ఈ నాణేనికీ బరువులో తేడా దాదాపు లేదు.

మీ నాణెం 1918 నాటిది కావడంలో ఒక ప్రత్యేకత ఉండవచ్చు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆ ఒక్క సంవత్సరమే బొంబాయి టంకశాలలో సవరిన్లను ముద్రించారు. గుర్రం కాళ్ళ కింద, సంవత్సరం అంకెలకు పైన, నేలను సూచించే గీత మీద భూతద్దంతో చూడండి. అక్కడ ఇండియాకు గుర్తుగా ఆంగ్ల అక్షరం "ఐ" చిన్న నిలువు గీతలా ఉబ్బెత్తుగా కనిపిస్తే అది బొంబాయిలో తయారైనది. "ఎస్" ఉంటే సిడ్నీ, "ఎం" ఉంటే మెల్‌బోర్న్, "పి" ఉంటే పెర్త్, "సి" ఉంటే కెనడాలోని ఒట్టావా. మా దాని మీద "ఐ" కనిపించిన రోజు నాకు కలిగిన ఆనందం చెప్పలేనిది. అయితే బొంబాయి సవరిన్లు పన్నెండు లక్షలకు పైగా ముద్రితమయ్యాయి గనుక, ఆ అక్షరం ఒక్కటే దానికి అపురూపమైన ధర తెస్తుందని అనుకోకండి. అదే సంవత్సరం అదే ఊళ్ళో, అదే బరువుతో ముద్రించిన పదిహేను రూపాయల బంగారు మొహరు కోసమైతే సేకర్తలు మరింత ఎక్కువ చెల్లిస్తారు. పెట్టెలో అటువంటిది కూడా ఉన్నదేమో మరొకసారి చూడండి.

ఇక అసలు, నకిలీ సంగతి. సవరిన్ ప్రమాణ బరువు 7.988 గ్రాములు, అడ్డుకొలత సుమారు 22 మిల్లీమీటర్లు, బంగారం 22 క్యారట్లు, అంటే అందులోని స్వచ్ఛమైన బంగారం 7.32 గ్రాములు. చేతులు మారి అరిగిన నాణెం 7.94 గ్రాముల కంటే తగ్గితే దాన్ని బ్రిటిష్ చట్టం చెల్లుబాటు నుంచి తొలగించేది. మీ నాణేనికి కొక్కెం, దాన్ని అతికిన టాకా కూడా ఉన్నాయి కాబట్టి బరువు ఎక్కువే చూపుతుంది, దానితో కంగారు పడవద్దు.

బరువు తరువాత నీటి పరీక్ష చేయండి. కాటా మీద నీళ్ళ గ్లాసు పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, నాణేన్ని సన్నని దారంతో అడుగుకూ గోడలకూ తగలకుండా పూర్తిగా ముంచితే, కొక్కెం లేని సవరిన్‌కు 0.45 గ్రాములకు అటూఇటూగా వస్తుంది. గాలిలోని బరువును ఆ అంకెతో భాగిస్తే పదిహేడున్నర ప్రాంతంలో రావాలి. పైపూత పూసిన రాగి అయితే ఫలితం తొమ్మిది దగ్గర ఆగిపోతుంది. కొక్కెం ఉన్న నాణేనికి ఈ లెక్క కొద్దిగా తగ్గవచ్చు.

బంగారం మంచిదైనంత మాత్రాన నాణెం టంకశాలదే అని చెప్పలేము, చాలామంది పొరపడేది ఇక్కడే. కాసుల పేర్లలో కూర్చడానికి మన స్వర్ణకారులు మంచి బంగారంతోనే సవరిన్ నమూనాలు పోత పోసేవారు. పోత నాణెంలో అక్షరాల అంచులు మెత్తగా, బొమ్మల చుట్టూ ఉండే చదును భాగం సన్నని గుంటలతో, అంచు గీతలు అసమానంగా ఉంటాయి. అచ్చు వేసిన నాణెంలో అక్షరాలు నిటారుగా లేస్తాయి, రాజు మెడ కింద, ఆ తల బొమ్మను రూపొందించిన శిల్పి బెర్ట్రమ్ మెకెన్నల్ పొడి అక్షరాలు "బి.ఎం." స్పష్టంగా తెలుస్తాయి.

దుకాణంలో చూపించవలసి వస్తే, ఎక్స్‌రేతో పనిచేసే క్యారట్ యంత్రంలో మాత్రమే, మీ కళ్ళ ముందే చూపించండి. అది పైపొరనే చదువుతుంది కాబట్టి నీటి పరీక్షతో కలిపి చూసుకోవాలి. గీటురాయి మీద గీయడానికీ, ఆకురాయితో అంచు గీకడానికీ, హాల్‌మార్క్ ముద్ర కొట్టడానికీ ఒప్పుకోకండి. కొక్కెం తీయించవద్దు. అతికిన గుర్తు వల్ల సేకర్తల దృష్టిలో విలువ ఇప్పటికే తగ్గింది, తీయించే వేడికి, రాపిడికి అది ఇంకా తగ్గుతుంది. ఇటువంటి నాణేనికి ధర ఎక్కువగా బంగారాన్ని బట్టే వస్తుంది. అయినా కరిగిస్తే తరుగు, మజూరీ రూపంలో కొంత పోతుంది, గుర్తింపు పూర్తిగా పోతుంది.

శుభ్రం చేయడానికి చింతపండు, కుంకుడు రసం, పళ్ళపొడి, బ్రష్షు ఏదీ వద్దు. పూజలో అంటిన పసుపు కుంకుమలు ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టండి. జిడ్డు ఉంటే గాలి బాగా ఆడే చోట, మంటకు దూరంగా, గాజుపాత్రలో కొద్దిసేపు అసిటోన్‌లో ఉంచి, రుద్దకుండా ఆరనివ్వండి. ఎర్రటి మచ్చలు మిశ్రమంలోని రాగి వల్ల వస్తాయి, వాటిని అలాగే వదిలేయండి. నాణేన్ని అంచులతోనే పట్టుకోండి. మెత్తటి పీవీసీ కవర్లు కాలక్రమంలో ఆకుపచ్చని జిగురును వదులుతాయి గనుక, కొక్కెంతో సహా పట్టే పాలిస్టర్ కవరులో, పక్కన సిలికా జెల్ పొట్లంతో ఉంచండి. రబ్బరు బ్యాండు చుట్టకండి. వరలక్ష్మీవ్రతం నాడు కలశానికి కట్టే ఆనవాయితీ మీ ఇంట్లో ఉంటే మానవలసిన పని లేదు, మేము కూడా కవరుతోనే అమ్మవారి ముందు ఉంచుతాము. బ్యాంకు లాకరులో పెడితే, దొంగతనం, అగ్నిప్రమాదం వంటి సందర్భాల్లో బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్లకే పరిమితమని గుర్తుంచుకోండి.

వారసత్వంగా వచ్చినందుకు పన్ను లేదు, అమ్మితే లాభంపై ఉంటుంది. 2001 ఏప్రిల్ 1కి ముందే కుటుంబంలో ఉన్న నాణెం కాబట్టి ఆ తేదీ నాటి మార్కెట్ విలువను కొన్న ధరగా చూపవచ్చు.

మీ అక్కగారికి మాత్రం పంపవద్దు. నూరేళ్ళు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువే, దాన్ని వ్యక్తులు దేశం దాటించడం నేరం. పోస్టులోనైనా, సామానులోనైనా అంతే. ఆమెకు స్పష్టమైన ఫోటోలు పంపండి. అమ్మమ్మగారికి ఆ నాణెం ఎవరిచ్చారో, ఏ సందర్భంలో ధరించేవారో ఆమెకు గుర్తున్నదంతా అడిగి, బరువు రాసుకున్న కాగితం మీదనే చేర్చి, నాణెంతోపాటు ఉంచండి. మా నాయనమ్మగారిని అడిగే అవకాశం ఉన్నప్పుడు నేను అడగలేదు, మా కాగితం మీద ఆ భాగం ఖాళీగానే ఉంది.