గౌరవ వేతనమా, పారితోషికమా, సంభావనా?

సందేహం: మాది బెంగళూరు మారతహళ్ళి దగ్గర ఒక అపార్ట్‌మెంటు. తెలుగువాళ్లం కలిసి శని, ఆదివారాల్లో పిల్లలకు తెలుగు చెప్పిస్తున్నాం. టీచరుగారికి నెలకు 6 వేలు ఇస్తాం. ఉగాదికి ఒక అవధానిగారిని పిలిచాం. పిల్లల పద్యాల పోటీకి ఒక రిటైర్డ్ లెక్చరరుగారు న్యాయనిర్ణేతగా వచ్చారు. ముగ్గురి రసీదుల్లోనూ 'గౌరవ వేతనం' అనే రాశాం. 'అవధానికి వేతనమేమిటయ్యా!' అని మా పెద్దాయన ఒకరు కోప్పడ్డారు. కోశాధికారేమో ఆ మాట రాస్తేనే పన్ను పడదంటున్నారు. ఏది సరి?

సమాధానం: పెద్దాయన కోపంలో న్యాయం ఉంది. ముగ్గురికీ మీరు ఇచ్చింది డబ్బే అయినా, ఇచ్చిన తీరు వేరు.

వేతనమంటే కూలి, జీతం. పని కొలిచి ఇచ్చేది. అవధానిగారికి మీరు అలా ఇచ్చి ఉండరు. పళ్లెంలో తాంబూలం, శాలువా, వాటి మీద కవరు పెట్టి, దంపతులిద్దరూ నిలబడి అందించి ఉంటారు. కవరులో వెయ్యిన్నూట పదహార్లో, పదివేల నూట పదహార్లో ఉంటాయి. చివర ఆ పదహార్లు ఉన్నాయంటే అది సంభావన. సంభావించడమంటే ఆదరించడం, మన్నించడం. బేరం ఉండదు, ఇంతని అడగడం ఉండదు. పండితులకు మన ఇళ్లలో తరతరాలుగా ఇస్తున్నది ఇదే.

పారితోషికం కూడా మొదట ఇలాంటిదే. పరితోషం అంటే సంతోషం. మెచ్చి ఇచ్చేది పారితోషికం. ఇప్పుడు మాత్రం ముందుగా మాట్లాడుకుని తీసుకునే సొమ్ముకూ అదే మాట వాడుతున్నాం. సినిమా హీరో సంతకం చేసేటప్పుడు ఎవరి మెప్పూ ఇంకా రాదు, అయినా ఆయన తీసుకునేది పారితోషికమే. దీన్ని తప్పనను. జనం నాలుక మీద మాట అలా స్థిరపడిపోయింది. లెక్చరరుగారి రసీదుకు అదే సరిపోతుంది.

టీచరుగారి సంగతే నాకు బాధ కలిగించింది. 'గౌరవ' అన్న మాట ముందు చేరితే తెలుగులో సాధారణంగా జీతం లేదని అర్థం. గౌరవాధ్యక్షుడు, గౌరవ సంపాదకుడు అంటే ఊరికే చేసేవాళ్లే కదా. అదే మాటను వేతనానికి తగిలిస్తే, ఇచ్చేది తక్కువైనా అడగకూడదన్న ధ్వని వస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఫండమెంటల్ రూల్స్ ప్రకారం ఆనరేరియం (మన గౌరవ వేతనానికి ఇంగ్లీషు మాట) అంటే అప్పుడప్పుడు పడే ప్రత్యేకమైన పనికి ఖజానా నుంచి ఇచ్చే సొమ్ము. ఆ ఉద్యోగికే బయటివాళ్లు ఇస్తే అది ఫీజు. ప్రతి వారం వచ్చి, హాజరు వేసి, అక్షరాలు దిద్దించే మనిషిది అప్పుడప్పుడు పడే పనా? అంగన్‌వాడీ కార్యకర్తల విషయంలో సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఈ ముడి విప్పింది. వాళ్లకు ఇచ్చేదాన్ని గౌరవ వేతనమని పిలిచినా, 1972 నాటి గ్రాట్యుటీ (కొలువు వదిలేటప్పుడు ఇచ్చే సొమ్ము) చట్టం కింద అది వేతనమేనని, వాళ్లకూ గ్రాట్యుటీ వర్తిస్తుందని తీర్పు చెప్పింది. ఆ తీర్పులో నాకు నచ్చింది ఇదే, మాటను పక్కకు జరిపి పనిని చూశారు. మీ టీచరుగారి రసీదులో 'జీతం' అనే రాయండి. 'జీవితం' లోంచి వచ్చిన మాట అది, చిన్నతనమేమీ లేదు.

పన్ను మాటకు వస్తే, మీ కోశాధికారి పొరబడ్డారు. ఆదాయప్పన్ను వాళ్లు చూసేది రసీదు మీది పేరును కాదు, ఇచ్చినవారికీ తీసుకున్నవారికీ ఉన్న సంబంధాన్ని. కొలువు చేయించుకుని ఇస్తే జీతం కింద, నైపుణ్యానికి ఇస్తే వృత్తి ఆదాయం కింద లెక్క వేస్తారు. సంస్థలు ఒక నిపుణుడికి ఏడాదిలో ఇచ్చే వృత్తి ఫీజు 50 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ (ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోయాలి. 2025 మార్చి దాకా ఆ హద్దు 30 వేలే. హద్దు లోపల ఉంటే కోత ఉండదు, అంతేగానీ ఆ సొమ్ము ఆదాయం కాకుండా పోదు. కోశాధికారిగారికి ఇది నెమ్మదిగా చెప్పండి. నగదుగా 5 వేలు దాటి ఇస్తే రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించడం కూడా మరవకండి.

బెంగళూరులో ఉన్నారు కాబట్టి ఇంకో తికమక గురించీ చెప్పాలి. కన్నడంలో సినిమా నటుడు తీసుకునేది 'సంభావనె'. మనం పండితుడికి పళ్లెంలో పెట్టి ఇచ్చే మాటే అక్కడ కాల్షీట్లకు వాడతారు. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలకు ఇచ్చేది 'గౌరవధన'. ఇక 'పారితోషక' అంటే పోటీలో గెలిచినవాళ్లకిచ్చే బహుమతి. చెన్నైకి వెళితే తమిళ పత్రికలు రచయితకు పంపే సొమ్ము 'సన్మానం', శాలువాతో పని లేదు. ఈ మాటలన్నీ ఒక సంస్కృతం ఇంటి నుంచే బయల్దేరి, ఊరికో తీరున కాపురం పెట్టాయి. నాకు చాలా ఇష్టమైన విషయం ఇది.

అందుకని పోటీ ఆహ్వానాన్ని మీ కన్నడ ఇరుగుపొరుగుకు కూడా వేయిస్తే జాగ్రత్త. తెలుగు వైపు లెక్చరరుగారికి పారితోషికం, పిల్లలకు బహుమతి. కన్నడం వైపు లెక్చరరుగారికి సంభావనె, పిల్లలకు పారితోషక.