నైట్రో ట్రక్ కార్బురేటర్: ముందు గాలి సంగతి చూడండి

పాలకొల్లు నుంచి ఒకాయన అడిగారు: "సెకండ్ హ్యాండ్‌లో నైట్రో ఆర్‌సీ ట్రక్ కొన్నాను. పొద్దున్న ట్యూన్ చేస్తే బాగానే పరుగెడుతోంది, మధ్యాహ్నానికి ఆగిపోతోంది. హై స్పీడ్ నీడిల్, లో స్పీడ్ నీడిల్ ఎన్ని తిప్పులు పెట్టాలి?"

తెలియనివాళ్ళకి ఒక ముక్క: ఇది నైట్రోమీథేన్ కలిపిన ఇంధనంతో చిన్న ఇంజన్ మీద నడిచే రిమోట్ బొమ్మ ట్రక్. నీడిళ్ళంటే దాని కార్బురేటర్‌లో ఇంధనం ఎంత పోవాలో సరిచేసే స్క్రూలు. ఎన్ని తిప్పులు అన్నదానికి నా దగ్గర అంకె లేదండి. ఉన్నా చెప్పను. అది మీ ఇంజన్ పుస్తకంలో ఉంటుంది, అదీ మొదటిసారి స్టార్ట్ అవడానికి పనికొస్తుందంతే. మీ బండిలో తేడా స్క్రూల్లో లేదని నా గట్టి నమ్మకం. గాలి ఎక్కడో దొంగదారిన లోపలికి పోతోంది. చూడకుండా ఎలా చెబుతావయ్యా అంటారేమో, నేను మూడు గ్లో ప్లగ్గులూ (ఇంధనాన్ని రాజేసే తీగ ఉన్న ప్లగ్గులు) ఒక వేసవీ తగలేసుకుని నేర్చుకున్న ముక్క ఇది.

మాది అమలాపురం నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఓ పల్లె. నా ట్రక్ కూడా సెకండ్ హ్యాండే, బెంగళూరు కుర్రాడి దగ్గర కొన్నాను. "పర్‌ఫెక్ట్‌గా ట్యూన్ చేశాను, స్క్రూలు ముట్టుకోకండి" అని మరీ మరీ చెప్పాడు. అబద్ధమేం కాదు, అక్కడికి పర్‌ఫెక్టే. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. అక్కడి గాలి పలచన. మన ఊళ్ళేమో సముద్రం పక్కనే చాప పరిచినట్టుంటాయి, గాలి చిక్కన. అదే నీడిల్‌తో ఇక్కడ తిప్పితే లోపలికి ఆక్సిజన్ ఎక్కువ, ఇంధనం తక్కువ. అంటే లీన్. ఈ ఇంధనంలోనే నూనె కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఇంధనం తగ్గిందంటే నూనె తగ్గినట్టే. మొదటి రోజే రెండు ప్లగ్గులు పోయాయి. విప్పి చూస్తే లోపలి తీగ బూడిద రంగుకి తిరిగి మెలికలు పడి ఉంది.

ఈ ఎత్తు లెక్క కనిపెట్టినందుకు నాకు నేనే శాలువా కప్పేసుకుని, హై స్పీడ్ నీడిల్ పావు తిప్పు వదులు చేశాను. రెండు రోజులు బుద్ధిగా నడిచింది. మూడో రోజు నుంచి కొత్త రోగం. రేస్ ఇచ్చి వదిలితే ఐడ్లింగ్‌కి దిగదు. గుయ్యిమంటూ అలాగే ఉండి, తర్వాత తాపీగా దిగి, టప్పున ఆగిపోతుంది. పొద్దున్న ఒక లెక్క, పదింటికి ఇంకో లెక్క.

మధ్యలో మా సెంటర్లో బైకు మెకానిక్‌కి చూపించాను. చెయ్యి మంచిదే, పాత ఆర్‌ఎక్స్ 100లు ఆయన దగ్గరికెళ్తే మళ్ళీ పెళ్ళికొడుకులవుతాయి. "బిగిస్తే చిక్కబడుద్దండి" అంటూ లో స్పీడ్ నీడిల్ లోపలికి తిప్పేశారు. ఆ బళ్ళలో అది గాలి స్క్రూ. బిగిస్తే గాలి తగ్గి మిశ్రమం చిక్కబడుతుంది. మన నైట్రోలో నీడిల్ ఇంధనం దారిలోనే కూచుంటుంది, బిగిస్తే ఇంధనమే తగ్గుతుంది. పూర్తిగా తిరగబడ్డ లెక్క. మూడో ప్లగ్గు అలా పోయింది. ఆయన్ని అనడానికేం లేదు, బతిమాలి మరీ చేతిలో పెట్టింది నేనే.

ఇక ఆ రోజు సంగతి. మే నెల, కాలవలు కట్టేశారు. మా చిన్నాన్న రొయ్యల చెరువు పట్టుబడి అయిపోయి, అడుగు ఎండగట్టి ఉంచారు. నల్లమట్టి పెళ్ళలు పెళ్ళలుగా పగిలి, పైన తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది చూడండి, దానికి మించిన ట్రాక్ ఎక్కడా లేదు. నాన్న గట్టు మీద కొబ్బరిచెట్టు నీడన కూచున్నారు. ముప్పై ఏళ్ళు డీజిల్ పంపుసెట్లు బాగుచేసిన మనిషి. ఈ బండంటే ఆయనకి మొదట్నుంచీ పడదు. "మావాడు దుక్కికి పనికిరాని ట్రాక్టర్ కొన్నాడండి" అని చుట్టాలందరికీ చెప్పుకున్నారు.

బండి చేతికిస్తే ముందు ఫ్లైవీల్ వేలితో తిప్పి చూశారు. పిస్టన్ పైకొచ్చేసరికి బిగుసుకుంది.

"పట్టేసిందిరా ఇది. నూనె లేకుండా తిప్పేశావా?"

పట్టేయలేదు నాన్నా, దీని తీరే అంత, స్లీవ్ (పిస్టన్ ఆడే గొట్టం) పైభాగం లోపల కాస్త ఇరుకుగా చేస్తారు, వేడెక్కితే సాగి సరిపోతుంది, ఈ పిస్టన్‌కి రింగులుండవు అని చెప్పాను. రింగుల్లేని పిస్టన్ అనేసరికి నా వైపు ఒకసారి, బండి వైపు ఒకసారి చూసి, జేబులోంచి చుట్ట తీశారు. నేను ఒక్క గెంతు గెంతి లాక్కున్నాను. ఈ ఇంధనంలో ఎక్కువ భాగం మిథనాల్. పట్టపగలు ఎండలో దాని మంట కంటికి కనపడదు, చెయ్యి కాలేదాకా తెలీదు. మింగితే విషం కూడా. పిల్లలున్న ఇంట్లో కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టేవాళ్ళని చూశాను, వాళ్ళని ఏమనాలో నాకు తెలీదు.

చక్రాలు నేలకి తగలకుండా కింద ఇటుక పెట్టి స్టార్ట్ చేశాను. నాన్న కళ్ళు మూసుకుని విన్నారు. రెండోసారి రేస్ ఇచ్చి వదలగానే చెయ్యెత్తారు. "ఆపకు, అలాగే ఉంచు. ఒరేయ్, ఇది గాలి మింగుతోందిరా."

పంపుసెట్ల వాళ్ళకి ఇది కొత్త కాదు. డీజిల్ పైపులో గాలి చేరితే ఇంజన్ నిలకడగా తిరగదు, ఎయిర్ తీస్తేగానీ దారికి రాదు. ఆ చెవితోనే దీన్నీ విన్నారు. తమ్ముణ్ణి ఇంటికి తోలి ఆముదం సీసా తెప్పించారు. కొబ్బరి ఈనె ముక్క విరిచి, ఆముదంలో ముంచి, తిరుగుతున్న ఇంజన్ మీద కార్బురేటర్ మెడ క్రాంక్‌కేసులోకి (ఇంజన్ కింది పెట్టెలోకి) దిగే చోట చుట్టూ ఒక్కో చుక్క పెట్టుకుంటూ వచ్చారు. చెయ్యి వణక్కుండా, బొట్టు పెట్టినట్టు. ముందువైపు ఏమీ కాలేదు. ఎడమ పక్కా ఏమీ కాలేదు. వెనకవైపు పెట్టిన చుక్క చూస్తుండగానే సందులోకి జారిపోయింది, ఇంజన్ గొంతు ఒక్కసారిగా దిగింది. ఐడ్లింగ్ నిలబడింది, ఐదారు సెకన్లు. ఆ చుక్క కాస్తా మింగేశాక మళ్ళీ గుయ్యి.

నాన్న ఏమీ అనలేదు. ఈనె పారేసి, చెయ్యి పంచెకి తుడుచుకుని, "నా చుట్ట ఏదిరా" అన్నారు.

విప్పితే కార్బురేటర్ మెడ కింది ఓ-రింగు ఒక పక్క గట్టిపడిపోయి ఉంది, గోరుతో గీస్తే పొడి రాలుతోంది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ ఎలాగో ఆనుతుంది, వేడెక్కాక వదిలేస్తుంది. మీ పొద్దున్న-మధ్యాహ్నం కథ చదవగానే నాకు గుర్తొచ్చింది ఆ రబ్బరు ముక్కే. పంపుసెట్టు స్పేర్ల కొట్లో పది రూపాయలకి అదే సైజు దొరికింది. మెడ చుట్టూ గ్యాస్కెట్లకి వాడే ఎర్ర సిలికాన్ పల్చగా రాసి బిగించాను. అప్పటిదాకా నేను తిప్పిన తిప్పులన్నీ చెరువులో పోసిన పన్నీరే.

కాబట్టి ముందు ఆముదం. అందులో ఏమీ తేలకపోతే అప్పుడు స్క్రూడ్రైవర్ పట్టుకోండి. ఒక ట్యాంకు నడిపి ఇంజన్ బాగా వేడెక్కాక, ముందు హై స్పీడ్ నీడిల్, తర్వాత లో స్పీడ్, ఆఖర్న ఐడిల్ స్క్రూ. ఒకసారికి గడియారంలో ఒక అంకె నుంచి పక్క అంకెకి జరిగినంతే, అంటే తిప్పులో పన్నెండో వంతు. ఫుల్ రేస్‌లో పోతుంటే వెనక సన్నటి నీలం పొగ చార కనపడాలి. కనపడలేదని సంబరపడకండి, అది లీన్. లో స్పీడ్ కోసం ఐడ్లింగ్‌లో ఉండగా కార్బురేటర్ దగ్గర ఇంధనం ట్యూబు నొక్కి పట్టండి. రెండు మూడు సెకన్లు తిరిగి, గొంతు కాస్త పెరిగి ఆగితే సరి. నొక్కగానే ఆగిపోతే లీన్. చాలాసేపు తిరిగి రేస్ బాగా ఎక్కితే రిచ్, అంటే ఇంధనం ఎక్కువ.

మధ్యాహ్నం ఆగితే "ఎండకి వేడెక్కిందిలే" అని నీడిల్ ఇంకా వదులు చేసేవాళ్ళే ఎక్కువ. వేడి గాలికి మన సముద్రపు తేమ తోడైతే ఆక్సిజన్ తగ్గుతుంది. పొద్దున్న సరిపోయిన నీడిల్ మధ్యాహ్నానికి రిచ్ అవుతుంది. పొగ దట్టంగా వచ్చి, పికప్ మందగించి, సైలెన్సర్ నూనె కక్కుతూ ఆగిందంటే పన్నెండో వంతు బిగించాలి. అయితే వేడి కొలవకుండా బిగించకండి. ప్లగ్గు దగ్గర హెడ్ 105 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే హాయి. కరోనాలో కొన్న నుదుటి గన్ దీనికి పనికిరాదు, అది మనిషి జ్వరం దాకానే చూపిస్తుంది. మా మేనల్లుడు దాంతో కొలిచి, "హై" అని పడేసరికి బకెట్ నీళ్ళు తెచ్చేశాడు.

ఇంకో బాధ ఇంధనం. 20 శాతం నైట్రోమీథేన్ డబ్బా తెప్పిద్దామంటే, మండే సరుకని వినగానే కొరియర్ వాళ్ళు ఫోను పెట్టేస్తారు. అంత కష్టపడి తెచ్చుకున్నదానికి మనవాళ్ళు మూత సరిగ్గా బిగించరు! మిథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. శ్రావణంలో మకాం షెడ్డులో మూత వదులుగా పెట్టిన డబ్బాతో దీపావళికి ఎంత ట్యూన్ చేసినా దండగే. కొబ్బరి పీచు మిల్లుల పక్కన నడిపేవాళ్ళు ఎయిర్ ఫిల్టర్ స్పాంజికి నూనె పట్టించడం మానకండి, ఆ పొడి పిస్టన్‌ని అరగదీస్తుంది.

ఇదంతా చదివి ఎవరో ఒకరు "బ్యాటరీతో తిరిగే బ్రష్‌లెస్ మోటార్ బండి కొనుక్కోండి, ఈ గోలంతా ఉండదు" అంటారు. నిజమే, ఏ గోలా ఉండదు. మిక్సీ కూడా అలాగే తిరుగుతుంది.

మెడ దగ్గర చుక్కకి గొంతు మారకపోతే క్రాంక్‌కేసు వెనక మూత చుట్టూ పెట్టి చూడండి. అక్కడా ఏమీ లేకపోతే ట్యాంకు మూత రబ్బరు చూడండి, సైలెన్సర్ నుంచి ట్యాంకుకి వచ్చే ప్రెషర్ అక్కడ పోతుంటుంది. ఎక్కడ దొరికిందో రాయండి, నాన్న అడుగుతున్నారు.