ప్రాక్టీసులో గురి, పోటీలో వణుకు

ప్రశ్న: మా పాపకు పదిహేనేళ్లు. విజయవాడలో ఆర్చరీ నేర్చుకుంటోంది. ప్రాక్టీసులో 60 మీటర్ల దూరానికి 720కి 640 దాకా కొడుతుంది. పోటీకి వెళ్తే చేతులు వణికి 580 కూడా దాటదు. మావారు వెనక నిలబడి ‘గాలి పీల్చు, టెన్షన్ పడకు’ అని అరుస్తారు. ఇంటికి వచ్చేదాకా స్కోరు గొడవే. గుండెదడ తగ్గే మాత్ర వేయమని బంధువులు అంటున్నారు. వేయవచ్చా?

జవాబు: వద్దమ్మా. దడ తగ్గించే బీటా బ్లాకర్లు ఆర్చరీలో నిషిద్ధం. పోటీ రోజునే కాదు, మామూలు రోజుల్లోనూ వాడకూడదు. డోప్ పరీక్షలో దొరికితే పాప కష్టమంతా మట్టిపాలవుతుంది.

అసలు దడ రావడం తప్పేమీ కాదు. టోక్యో ఒలింపిక్స్‌లో ఆర్చర్ల గుండె వేగాన్ని టీవీలో చూపించారు. కొందరిది నిమిషానికి 150 దాటింది. అంత దడలోనూ లక్ష్యం మధ్యనుండే పసుపు వలయంలో బాణాలు పడ్డాయి. దడను ఆపడం కాదు, దానితోనే బాణం వదలడం నేర్చుకోవాలి.

మీరు చెప్పినదాన్ని బట్టి పాప ఊపిరి బిగపట్టేస్తోందనిపిస్తోంది. క్లిక్కర్ (నారిని సరిపడా లాగామని శబ్దంతో చెప్పే చిన్న పట్టీ) ‘టిక్’మనేదాకా గాలి ఆపి లాగుతూ ఉంటే భుజం అలసిపోతుంది, చెయ్యి వణుకుతుంది. చాలామంది కోచ్‌లు నేర్పే పద్ధతి ఇది: విల్లు ఎత్తుతూ గాలి తీసుకోవాలి, నారి గడ్డం కిందికి వచ్చేసరికి కొంత వదిలేయాలి, మిగిలిన గాలితో గురి చూసి బాణం వదలాలి. గురి కుదరకపోతే విల్లు దించేయాలి. ఇద్దరూ వంతులవారీగా వేసే ముఖాముఖి పోటీలో బాణానికి ఉండేది 20 సెకన్లే కాబట్టి, దించి మళ్లీ ఎత్తడం కూడా ప్రాక్టీసులో అలవాటు కావాలి. దించడం ఓటమి అనుకునే పిల్లలే ఎక్కువ ఇబ్బంది పడతారు. తన వంతు కోసం ఆగినప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలమనండి. వదిలేది నెమ్మదిగా ఉంటే గుండె వేగం కాస్త దిగుతుంది. అయితే ఇది పోటీ రోజున మొదలుపెడితే పనిచేయదు. రోజూ ఇంట్లో స్ట్రెచ్ బ్యాండు లాగుతూ చేయాలి. బాణం లేకుండా ఖాళీ విల్లు మాత్రం లాగి వదలనివ్వకండి, విరిగిపోవచ్చు.

ఇక మీవారి సంగతి. ఆయన అరిచే ప్రతిసారీ పాప తన ఊపిరి మీద ధ్యాస వదిలేసి నాన్న గొంతును వింటోంది. సలహా సరైనదే కావచ్చు, చెప్పే చోటు అది కాదు. పోటీ రోజున మాట్లాడేది కోచ్ ఒక్కరే అని ముందే అనుకోండి. ఆయన ఊరుకోలేకపోతే కాస్త దూరంగా, గ్యాలరీలో కూర్చోమనండి. తిరుగు ప్రయాణంలో స్కోరు ప్రస్తావన వద్దు. పాపే ఎత్తితే వినండి, లెక్కలు మరుసటి రోజు కోచ్ ముందు చూసుకోవచ్చు.

రెండు, మూడు నెలలు ఇలా చూడండి. ఈలోగా నిద్ర పట్టకపోయినా, ప్రాక్టీసులో కూడా బాణం వదలడానికి భయపడుతున్నా, క్రీడాకారులను చూసే సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. మొదటిసారి మీవారు కూడా వెంట వస్తే మంచిది.