గదికి ఊరి పన్ను వేస్తే యాత్రికులు పారిపోతారా?

ప్రశ్న: సార్, భవానీనగర్‌లో మాకు చిన్న లాడ్జి ఉంది. మా అబ్బాయి ఇటలీలో చదువుకుంటున్నాడు. అక్కడ హోటల్లో దిగిన ప్రతి మనిషి దగ్గరా రాత్రికింతని ఊరి పన్ను విడిగా తీసుకుంటారట. యూరప్ టూరిజంతో బాగుపడింది ఇట్లాంటి పద్ధతుల వల్లేనంటాడు. జీఎస్టీకే గింజుకుంటున్నాం, ఇదీ పెడితే మా గదుల్లో దిగేదెవరు? – ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: దిగుతారమ్మా. దర్శనం టికెట్టు చేతిలో పెట్టుకుని వచ్చినవాడు గది దగ్గర యాభై రూపాయలు ఎక్కువైందని రైలెక్కి వెనక్కి పోడు. అయితే మీ అబ్బాయి చెప్పింది సగమే నిజం. పన్ను వల్ల అక్కడికి జనం రాలేదు. ఆ మాటకొస్తే టూరిజం శాఖల వల్ల కూడా పెద్దగా రాలేదు. కొన్ని యూరప్ దేశాలు చేసుకున్న షెంజెన్ ఒప్పందం 1995లో అమలై వాటి మధ్య సరిహద్దుల్లో పాస్‌పోర్టు తనిఖీలు పోయాయి. 1997కల్లా యూరోపియన్ యూనియన్‌లోని ఏ సభ్యదేశపు విమాన కంపెనీ అయినా ఇంకో సభ్యదేశం లోపల కూడా విమానాలు తిప్పుకోవచ్చన్నారు, టికెట్లు చౌకబడ్డాయి. 2002లో యూరో నోట్లొచ్చి డబ్బు మార్చుకునే తలనొప్పి తీరింది. ఈ మూడింటిలో ఒక్కటీ టూరిజం పేరుతో చేసింది కాదు. యూరోపియన్ యూనియన్‌కు టూరిజం మీద సొంత పెత్తనమూ లేదు. 2009లో అమల్లోకొచ్చిన లిస్బన్ ఒప్పందం దేశాలకు తోడ్పడమంది, అంతే.

పైవాళ్ళు తలుపులు తెరిస్తే చెత్త ఎత్తాల్సింది, నీళ్ళివ్వాల్సింది ఊరు. ఆ ఖర్చు ఎవరు భరించాలన్న పేచీ దగ్గరే మీరడిగిన పన్ను వచ్చింది. ఇటలీలో గది అద్దె మీద పది శాతం వ్యాట్ ఉంది, మన జీఎస్టీ లాంటిదే. రాత్రి పన్ను దాని జోలికి పోదు. 2011 నాటి చట్టం ప్రకారం అది నేరుగా ఆ ఊరి మునిసిపాలిటీకి పోతుంది. టూరిజానికీ, పాత కట్టడాల బాగుకూ, ఊరి సేవలకూ ఖర్చు పెట్టాలి.

మీవాడిని స్పెయిన్‌లోని బాలెరిక్ దీవుల సంగతి కూడా చదవమనండి. మయోర్కా, ఇబీసా అక్కడివే. 2002లో ఈ పన్ను పెడితే హోటళ్ళవాళ్ళు అచ్చం మీలాగే గగ్గోలు పెట్టారు. మరుసటి ఏడు ప్రభుత్వం మారింది, పన్ను పోయింది. 2016లో మళ్ళీ తెచ్చారు. ఈసారి డబ్బు ఏయే పనులకు పోతుందో పేరుపేరునా బయటపెట్టారు. నాకు నచ్చింది వాళ్ళ లెక్క: ఎండాకాలం సీజన్‌లో పూర్తి పన్ను, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా డెబ్బై ఐదు శాతం తగ్గింపు. అదే హోటల్లో తొమ్మిదో రోజుకు చేరితే అక్కడి నుంచి సగమే. ఎక్కువ రోజులు ఉండు, జనం లేనప్పుడు రా అని పన్ను చేతే చెప్పించారు.

ఇటలీలోని వెనిస్‌వాళ్ళదీ అదే దారి. 2024లో 29 రోజులు, పగటిపూట ఊళ్ళోకొచ్చే మనిషికి ఐదు యూరోల ప్రవేశ రుసుం పెట్టారు. ఊళ్ళో రాత్రి బస చేసినవాడికి అది లేదు, అతను గది దగ్గరే కట్టాడు కాబట్టి. 2025లో రోజులు 54 అయ్యాయి, ముందుగా కట్టనివాళ్ళకు రుసుం పది యూరోలైంది. రద్దీ తగ్గిందంటే నేను నమ్మను. కానీ పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాడు ఊరికి ఖర్చే గాని రాబడి కాదన్న సంగతి వాళ్ళు పట్టుకున్నారు.

మనకు ఆ మనిషి కొత్తా? మద్రాసులో తెల్లవారుజామున బస్సెక్కి, కొండెక్కి దర్శనం చేసుకుని, అలమేలుమంగమ్మకు దండం పెట్టి, రాత్రికి ఇల్లు చేరే ప్యాకేజీలు ఎన్నేళ్ళుగా లేవు! మీ లాడ్జికి అతని వల్ల పైసా రాదు. అతను తాగి పారేసిన నీళ్ళ సీసా మాత్రం మీ వీధి కాలువలోనే ఉంటుంది. కొండ దిగినవాడిని ఇంకో రాత్రి ఆపగలిగితే చంద్రగిరి కోట, తలకోన, చలికాలమైతే పులికాట్ సరస్సు పక్షులు ఉన్నాయి. ఆ రెండో రాత్రే మీకూ, ఆటోవాడికీ, మెస్సు నడిపేవాడికీ రాబడి. మన రాష్ట్రం 2024-29 టూరిజం విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. పెద్ద హోటల్ కట్టేవాడికి అది మేలే, మీ కాలువ పూడిక మాత్రం దానితో తీయరు.

కాబట్టి అట్లాంటి పన్ను మాట ఇక్కడ వస్తే వద్దని జెండా పట్టకండి. డబ్బు తిరుపతి దాటకూడదని, ఏ వీధికి ఎంత పెట్టారో ఏటా బోర్డు కట్టాలని, రెండో రాత్రికి పన్ను సగమే ఉండాలని అడగండి. ఈ మూడూ ఒప్పుకోకపోతే మీతో పాటు నేనూ వస్తా ధర్నాకు.

ప్రశ్న: మా వీధిలో ఇళ్ళన్నీ రోజువారీ గదులైపోతున్నాయి. బాడుగ ఇల్లు దొరకడం లేదు. యూరప్‌లోనూ ఇంతేనా? – ఒక ఉపాధ్యాయుడు, తిరుచానూరు

జవాబు: ఇంతకన్నా ఎక్కువ. స్పెయిన్‌లోని బార్సిలోనాలో టూరిస్టులకిచ్చే ఫ్లాట్ల లైసెన్సులు 10,101 ఉంటే, 2028 నవంబరు తర్వాత ఒక్కటీ ఉండదని మేయర్ 2024లో ప్రకటించాడు. అంత మొండిగా పోనక్కర్లేదు గాని, ముందు ఇక్కడ ఏ ఇంట్లో ఎన్ని గదులు నడుస్తున్నాయో లెక్కయినా రాయాలి కదా మాస్టారూ.