గైడ్ సారు ‘చూద్దాంలే’ అంటే...

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, రెండో ఏడు. నాలుగు నెలల కింద ఇచ్చిన చాప్టర్ సారు టేబుల్ మీదే ఉంది. అడిగితే ‘చూద్దాంలే అమ్మా’ అంటారు. గట్టిగా అడగాలంటే టెన్షన్. గైడ్‌ను మార్చుకోవచ్చా?

జవాబు: మార్చుకునే సంగతి తర్వాత చూద్దాం (నేనూ అదే మాట అన్నాను, ఏమనుకోకు). ఆ టేబుల్ మీద ఇంకెంతమంది చాప్టర్లున్నాయో గమనించావా? యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర 6, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర 4 దాకా స్కాలర్లు ఉండొచ్చు, పైగా పీజీ క్లాసులు, పేపర్లు దిద్దడం. అందుకే చాప్టరంతా కాదు, నాలుగు పేజీలివ్వు, పైన రెండే ప్రశ్నలు రాయి. ఎండాకాలం ఒకసారి, వానలయ్యాక ఒకసారి శాంపిళ్లు తీశాను, సరిపోతాయా? ఫ్లోరైడ్ తాగునీటి హద్దు, అంటే లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, దాటిన బోర్లను విడిగా చూపాలా? ఇలాంటివైతే నిలబడే చెప్తారు. ‘ఎలా ఉంది సార్’ అంటే ఎవరైనా చూద్దామనే అంటారు. చెప్పింది ఆ సాయంత్రమే మెయిల్‌లో పెట్టు.

నేనూ ఒక ఏడాది గైడ్ గది ముందు వరండాలో నిలబడ్డదాన్నే. చివరికి పని నేర్పింది ల్యాబ్‌లో సీనియర్ అక్క. ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ రీడింగ్ నిలవకపోతే ఏం చేయాలో సారు కన్నా ఆమెకే బాగా తెలుసు. అలాంటి అక్కను వెతుక్కో, వేరే డిపార్ట్‌మెంట్‌లో ఉన్నా సరే.

ఇక ప్రతి సెమిస్టర్‌కూ, స్కాలర్ పని ఎంతవరకు వచ్చిందో చూసే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రజెంటేషన్ ఇవ్వాలి కదా, మనవాళ్లు దాన్ని సంతకాల తంతు చేసేశారు. అక్కడ ‘ఫలానా తేదీన చాప్టర్ ఇచ్చాను, సూచనల కోసం చూస్తున్నాను’ అని ఒక్క లైన్ పెట్టు. కమిటీ కన్వీనర్ మీ సారే కాబట్టి చాటున చెప్పినట్టూ కాదు.

అప్పటికీ కదలకపోతే హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) దగ్గరికి వెళ్లు. కానీ కొత్త గైడ్ దగ్గర ఖాళీ ఉండాలి, ఆయన ఒప్పుకోవాలి, ఒక్కోసారి టాపిక్కే మారుతుంది. పీహెచ్‌డీకున్న 6 ఏళ్ల గడువులోంచే ఆ టైమంతా పోతుంది. సొంత పనులు చేయించుకోవడం, డబ్బులడగడం ఉంటే మాత్రం ఇవేవీ చూడకుండా మార్చుకో, తప్పుగా ప్రవర్తిస్తే నేరుగా అంతర్గత ఫిర్యాదుల కమిటీకే రాసివ్వు.

ముందు ఆ నాలుగు పేజీలేవో ఈ ఆదివారం తేల్చుకో. సారు ఏ పూట తీరిగ్గా ఉంటారో అటెండర్‌ను అడుగు, ఆయనకు తెలియంది ఉండదు.