క్రీజ్‌లో కాలు పెడితే గోల్ పోతుందా?

ప్రశ్న: మాది సరదాగా ఆడుకునే ఐస్ హాకీ లీగ్. మా ఫార్వర్డ్ స్కేట్ క్రీజ్‌లో (గోల్ ముందు మంచుపై గీసిన ప్రాంతంలో) ఉందని రెఫరీ గోల్ రద్దు చేశారు. అతను గోలీని, అంటే గోల్‌కీపర్‌ని, తాకనే లేదు. ఇది న్యాయమేనా?

జవాబు: ముందు మీ లీగ్ ఏ రూల్‌బుక్ పాటిస్తోందో చూడండి. ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో ఇప్పుడు క్రీజ్‌లో నిలబడినంత మాత్రాన గోల్ పోదు. గోలీకి అడ్డొచ్చాడా అన్నదే లెక్క. 1999లో ఆ లీగ్ టైటిల్ పోరు అయిన స్టాన్లీ కప్ ఫైనల్‌లో డల్లాస్ స్టార్స్ ఆటగాడు బ్రెట్ హల్ స్కేట్ క్రీజ్‌లో ఉండగా కొట్టిన గోల్‌పై పెద్ద గొడవ జరిగింది, తర్వాత పాత కఠిన నిబంధన తీసేశారు. కానీ అమెచ్యూర్ రూల్‌బుక్‌లు కొన్ని ఇప్పటికీ కఠినమే. రెఫరీగా నేను గోలీ కదలికనే గమనిస్తాను. పక్కకు జరగబోయి ఆ ఆటగాడి వల్ల ఆగిపోయాడంటే, తాకకపోయినా గోల్ ఇవ్వను. మనకు వీడియో రీప్లే ఉండదు కదా! ఈసారి కెప్టెన్‌ను పంపి, ఏ నిబంధన కింద రద్దు చేశారో మర్యాదగా అడిగించండి.